పాత కారు ఇంజనులో గొలుసు చప్పుడు: పోల్చుకొనుట, బాగుచేయించుట

మన పల్లెలలో అంబాసిడర్ కారు నేటికిని పూర్తిగా కనుమరుగు కాలేదు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1957లో ఆరంభమైన ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. ఆగి పది సంవత్సరములు దాటినను, పెండ్లివారిని తరలించుటకును, నడిరేయి నొప్పులు పడుచున్న తల్లిని మండల కేంద్రములోని ఆసుపత్రికి చేర్చుటకును ఊరిలో ఎవరో ఒకరి వాకిట ఆ పాతబండి సిద్ధముగా నిలిచియుండుట కొన్ని ప్రాంతములలో ఇప్పటికిని చూడవచ్చును. దాని కిరాయిపై ఒక కుటుంబము బ్రతుకుచుండును. అట్టి బండి ముందు భాగమునుండి ఒక ఉదయమున కొత్త చప్పుడు వినవచ్చినచో యజమానికి గుండె జారుట సహజము. "ఇంజను దింపవలె"నని ఒకరందురు. "బోరు కొట్టించవలె"నని మరియొకరందురు. ఆ మాటలు పలుకుట తేలిక. బిల్లు చెల్లించుట కష్టము. పెక్కుసార్లు ఆ ఖర్చు అవసరమే ఉండదు.

ఈ సంగతితో పంచాయతీ సభ్యులకు పనియేమని ఎవరైన అడుగవచ్చును. పని ఉన్నది. షెడ్డువానికిని బండి యజమానికిని తగవు వచ్చినపుడు అది తుదకు ఊరి పెద్దల అరుగు మీదికే చేరును. పంచాయతీకి స్వంత బండి ఉన్నచోట మరమ్మతు బిల్లు సమావేశము ముందుకు వచ్చును. దానిపై చేయి ఎత్తువారికి అందులో వ్రాసిన పని ఏమిటో తెలిసియుండవలెను గదా!

ముందుగా ఆ చప్పుడు చేయు వస్తువేమిటో చూతము. అంబాసిడర్ కారులలో చాలాకాలము వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. అది ఇంగ్లండులోని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ అను ఇంజనుల కుటుంబమునకు చెందినది. 1990 దశకమున వచ్చిన ఇసుజు ఇంజనుల నిర్మాణము వేరు. ఈ వ్యాసములో చెప్పు మరమ్మతు క్రమము వానికి వర్తింపదు. ఈ పాత ఇంజనులో నాలుగు సిలిండర్లు, సిలిండరు ఒక్కింటికి రెండు వాల్వులు కలవు. ఒక వాల్వు పెట్రోలు కలిసిన గాలిని లోనికి విడుచును, రెండవది కాలిన పొగను వెలికి పంపును. అవి సరియైన క్షణమున తెరచుకొని, సరియైన క్షణమున మూసికొనవలెను. ఆ పనిని నడుపునది క్యాము షాఫ్టు. దానిని త్రిప్పునది ఇంజను అడుగుననున్న క్రాంకు షాఫ్టు. ఈ రెండింటి కొనలను ఇంజను ముందు భాగమున ఒక రేకు మూత వెనుక కలిపి కట్టినదే టైమింగు చైను.

క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము షాఫ్టు ఒక్క చుట్టు తిరుగవలెను. అందువలన పై పళ్ళచక్రమునకు క్రింది దానికంటె సరిగా రెండింతల పళ్ళుండును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నపుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 పర్యాయములు తెరచుకొని మూసికొనును. ఆ లెక్క తప్పకుండ కాపాడు బాధ్యత ఈ చిన్న గొలుసుది. ప్లగ్గులకు వరుసగా నిప్పురవ్వ అందించు డిస్ట్రిబ్యూటరు కూడ క్యాము షాఫ్టునుండియే తిరుగును. కావున గొలుసు వదులైనచో వాల్వుల వేళయు, నిప్పురవ్వ వేళయు రెండును వెనుకబడును.

ఇది మనకు కొత్త వస్తువు కాదు. సైకిలు చైనునకు ఇది దగ్గరి బంధువు. నేటి రోలరు గొలుసునకు మూలమైన నమూనాను స్విట్జర్లాండులో పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు 1880లో రూపొందించెను. సైకిలు చైనులో ఒక వరుస రోలర్లుండగా, ఈ ఇంజను చైనులో ప్రక్కప్రక్కన రెండు వరుసలుండును.

సైకిలు చైను పాతబడి సాగినదని మనము అందుము. నిజమునకు ఇనుప రేకులు సాగవు. రేకులను కలుపు పిన్నులును, వానిపై తిరుగు గొట్టములును అరుగును. ఒక్కొక్క కీలువద్ద అరుగుదల కంటికి కనిపించనంత స్వల్పము. కాని కీళ్ళు అనేకము. బి-సిరీస్ ఇంజను గొలుసులో 52 కీళ్ళు. కీలుకు కీలుకు నడుమ దూరము అంగుళములో మూడెనిమిదవ వంతు, అనగా 9.525 మిల్లీమీటర్లు. మొత్తము పొడవు 495 మిల్లీమీటర్లకు కొంచెము పైన. ప్రతి కీలువద్దను మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే అరిగినదనుకొనుడు. అప్పుడు గొలుసు మొత్తముమీద 5 మిల్లీమీటర్లకు మించి పొడవెక్కును. అట్లు పెరిగిన భాగము పళ్ళచక్రముల నడుమ వ్రేలాడుచు, మూతకు తగులుచు, పళ్ళపై ఎగిరిపడుచు చప్పుడు చేయును.

ఈ వదులును సర్దుటకు ఇంజనులో ఏర్పాటు లేకపోలేదు. దానిని టెన్షనరు అందురు. గొలుసు వదులుగానుండు వైపున రబ్బరు తొడుగుగల చిన్న బుడిపె ఒకటి, లోపల స్ప్రింగును, ఆయిలు ఒత్తిడియు త్రోయుచుండగా, గొలుసునకు ఆనియుండును. రబ్బరు అరిగి గాడి పడినను, ఆయిలు వచ్చు రంధ్రము మడ్డితో మూసికొనిపోయినను, ఆ ఆనిక తప్పును. కొన్ని బండ్లలో చైను అంతగా అరుగకుండగనే చప్పుడు వచ్చుటకు కారణమిదే. సకాలమున ఆయిలు మార్చకపోవుట దీనికి మొదటి మెట్టు. నల్లబడి పలుచనైన ఆయిలుతో బండిని సంవత్సరముల తరబడి నడిపి, పిమ్మట కంపెనీవానిని తిట్టువారిని మనమెరుగుదుము.

ఇక చప్పుడును పోల్చుకొనుట. అసలు నేర్పంతయు ఇక్కడనే కలదు. ఇంజను చేయు చప్పుళ్ళన్నియు ఒక్కటి కావు. రాత్రియంతయు నిలిపియుంచిన బండిని తెల్లవారి స్టార్టు చేసినపుడు, ఇంజను ముందు మూతవద్దనుండి, డబ్బాలో గులకరాళ్ళు వేసి కుదిపినట్లు గలగలమను శబ్దము కొన్ని క్షణములు వచ్చి, ఆయిలు ఒత్తిడి అందగానే తగ్గినచో, అది గొలుసును గాని టెన్షనరును గాని సూచించును. ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నపుడు చప్పుడు ఎక్కువై, కొంచెము వేగము పెంచగా అణగి, ఆక్సిలేటరుమీద కాలు తీసినంతనే మరల గలగలమని ఈడ్చినట్లు వినవచ్చుట దీని మరియొక గుర్తు. ఏలయన, కాలు తీసిన క్షణమున గొలుసు బిగువు మారి, వదులు పైకి తేలును.

వాల్వు చప్పుడు వేరు. అది కుట్టుమిషను నడచినట్లు సన్నగా, ఒకే తాళముతో టిక్కు టిక్కుమని, ఇంజను పైమూత క్రిందినుండి వచ్చును. వేగము పెరిగినకొలది తాళము పెరుగునే గాని అణగదు. టాపెట్లు సర్దించుటతో అది పోవును, అది పూటపని. బేరింగు చప్పుడు మరియొక తీరు. అది లోతైన రోకటిపోటువలె అడుగునుండి వచ్చును. బండి ఎత్తు ఎక్కునపుడును, బరువు మోయునపుడును హెచ్చును. ఆ చప్పుడు విన్నపుడు మాత్రము బండిని అక్కడనే నిలిపివేయవలెను. "ఇంజను దింపవలె"నను మాట అప్పుడు చెల్లును.

గొలుసు చప్పుడని పొరబడుటకు వీలైనవి ఇంకను రెండు మూడు కలవు. వాటరు పంపు బేరింగు, డైనమో బేరింగు, వదులైన క్రాంకు పుల్లీ, ఇవన్నియు ఇంజను ముందు భాగముననే ఉన్నవి. వీనిని వేరుచేయుట ఎంతయు సులభము. ఇంజను చల్లగానున్నపుడు ఫ్యాను బెల్టు ఊడదీసి, ఒక్క నిమిషముపాటు మాత్రము ఇంజను నడిపి చూడవలెను. బెల్టు లేనపుడు నీరు తిరుగదు గనుక అంతకు మించి నడుపరాదు. బెల్టు తీయగానే చప్పుడు పోయినచో దోషము పంపుదో డైనమోదో అగును. మూత విప్పవలసిన పనియే లేదు. చప్పుడు అట్లే నిలిచినచో అప్పుడు గొలుసును అనుమానించవలెను.

ఈ చిన్న పరీక్ష విలువను నేను కన్నులార చూచితిని. ఒక మండల కేంద్రములోని షెడ్డులో కిరాయి బండి యజమాని ఒకరు బెంచీమీద కూలబడియుండిరి. ఇంజను పూర్తిగా విప్పవలెనని అంతకుముందు వేరొక చోట చెప్పిరట. షెడ్డులోని ముసలి మేస్త్రీ చప్పుడు విని, "బాబూ, ముందుగా బెల్టు తీయనీయండి, తరువాత ఏడుద్దురు గాని" అనెను. బెల్టు తీసిరి. చప్పుడు నిలిచిపోయెను. "పంపు బేరింగు పోయినది బాబూ, ఇంజను నిక్షేపముగా ఉన్నది" అని మేస్త్రీ నవ్వెను. ఆ యజమాని చెల్లించినది పంపు వెలయు, అరపూట కూలియు మాత్రమే.

పొడవైన స్క్రూడ్రైవరు కొనను టైమింగు మూతకు ఆనించి, పిడిని చెవికి చేర్చి వినుట మేస్త్రీలకు పరిపాటి. మంచి ఉపాయమే. కాని తిరుగుచున్న ఫ్యాను ప్రక్కన మెడలోని కండువాతోను, పంచె కొంగుతోను వంగి వినుట ప్రాణముతో చెలగాటము. కండువా తీసి దూరముగా పెట్టిన పిమ్మటనే వంగవలెను.

మూత విప్పకుండ చేయదగిన తుది పరీక్ష యొకటి కలదు. బండిని న్యూట్రలులో నుంచి, హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, బ్యాటరీ తీగ ఊడదీయవలెను. ప్లగ్గులు తీసివేసినచో ఇంజను చేతికి తేలికగా తిరుగును. డిస్ట్రిబ్యూటరు మూత తీసిన లోపల రోటరు కనిపించును. ఒకరు హ్యాండిలుతో గాని, స్పానరుతో గాని క్రాంకు పుల్లీని సవ్యదిశలో కొంచెము త్రిప్పి, పిదప నెమ్మదిగా వెనుకకు త్రిప్పవలెను. మరియొకరు రోటరును కనిపెట్టియుండవలెను. గొలుసు బిగువుగా ఉన్నచో పుల్లీ వెనుకకు కదలిన వెంటనే రోటరును కదలును. పుల్లీ అంచు వ్రేలి వెడల్పు వరకు తిరిగినను రోటరు చలింపకున్నచో నడుమ ఎక్కడనో వదులు పేరుకొన్నది. డిస్ట్రిబ్యూటరు పళ్ళలోని సందు కూడ ఇందులో కొంత కలిసియుండును గనుక ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పరాదు. వినిన చప్పుడు, బెల్టు పరీక్ష, ఈ పరీక్ష మూడును ఏకమైనపుడు మూత విప్పుటకు సందేహింప పనిలేదు.

"చప్పుడే గదా, నడచినంతకాలము నడుపుదుము" అనువారు కలరు. గొలుసు చప్పుడుతో బండి కొన్ని నెలలు నడచుట నిజమే. అయితే ఎగిరిపడు గొలుసు రేకు మూత లోపలి వైపును రాచి రాచి పలుచన చేయును; ఇనుప రజను ఆయిలులో కలిసి బేరింగులకు చేరును. గొలుసు పంటి మీదినుండి దుమికినచో ఇంజను బలము కోల్పోవును, తెగినచో బండి నిలిచిపోవును. పగటివేళ కిరాయికి పోయినపుడు నిలిచినచో నష్టము కొంత. రోగిని తీసికొనిపోవుచుండగా ఊరికిని ఆసుపత్రికిని నడుమ నిలిచినచో ఆ నష్టమును రూపాయలలో లెక్కింపలేము.

మరమ్మతు క్రమమును ఇక చెప్పుదును. ఇంజనును బండినుండి దింపవలసిన పనిలేదని ముందుగానే గుర్తించుడు. నీరు వదలి రేడియేటరు తీయవలెను. అది తీయనిదే పుల్లీ నట్టువద్దకు చేయి ఆడదు. ఆ నట్టు వెనుక మడిచిన వాషరు ఉండును. దాని అంచును చదును చేసి, పెద్ద స్పానరు పెట్టి, సుత్తితో చురుకైన దెబ్బ వేసినచో నట్టు వదలును. పుల్లీని లాగి తీసి, మూత బోల్టులు విప్పగా గొలుసు కనిపించును. బోల్టులు రెండు పరిమాణములలో ఉండును. ఎక్కడివి అక్కడనే మరల బిగించునట్లు విడివిడిగా పెట్టుట మేలు.

చూడవలసినది గొలుసు ఒక్కటియే కాదు. పళ్ళచక్రముల పళ్ళు ఒకవైపు కొక్కెము వలె వంగి అరిగినవా? టెన్షనరు రబ్బరుపై గాడులు పడినవా? గొలుసును ఊడదీసి, కడిగి, ప్రక్కకు అడ్డముగా ఒక కొన పట్టి చాచి చూడవలెను. కొత్త గొలుసు చాలవరకు నిటారుగా నిలుచును. అరిగినది విల్లువలె క్రిందికి వంగును. అంగడిలో కొత్తదానిని ప్రక్కన పెట్టి పోల్చి చూచినచో చూపరికెవ్వరికైనను తేడా తెలియును. కొక్కెము పడిన పాత చక్రములపై కొత్త గొలుసు వేయుట దండుగ. ఆ పళ్ళు కొత్త గొలుసును త్వరలోనే తినివేయును. గొలుసు, టెన్షనరు, అవసరమైనచో చక్రములు, మూత గ్యాస్కెట్టు, మూతలోని ఆయిలు సీలు, ఇవి ఒకేసారి మార్చుట లాభము. ఎందుకనగా, ఖర్చులో పెద్దభాగము విప్పి బిగించు కూలిదే.

టెన్షనరును ఊడదీయునపుడు బుడిపె ఒక్కసారి ఎగిరి బయటపడకుండ, దాని రంధ్రములోని చిన్న బోల్టు తీసి, ఆరుపలకల తాళముతో సవ్యదిశలో త్రిప్పి బుడిపెను లోనికి ముడుచుకొనునట్లు చేయవలెను. కొత్తది బిగించి, గొలుసు ఎక్కించిన పిదప దానిని వదలవలెను. ఆయిలు వచ్చు రంధ్రమును గాలితో ఊది శుభ్రపరచుట మరువరాదు.

ఈ పనిలో ప్రాణమువంటి అంశము గుర్తులను కలుపుట. రెండు పళ్ళచక్రములమీదను చిన్న చుక్క గుర్తులుండును. మొదటి, నాలుగవ పిస్టన్లు పైకొనకు చేరునట్లు క్రాంకు షాఫ్టును నిలిపి, రెండు చుక్కలును ఒకదానికొకటి ఎదురుగా వచ్చునట్లు గొలుసును చక్రములతోపాటు ఒకేసారి ఎక్కించవలెను. ఒక్క పన్ను తప్పినను ఇంజను సరిగా పలుకదు. చక్రములు రెండును ఒకే వరుసలో ఉన్నవా యని ఒక తిన్నని ఇనుప బద్దను అడ్డముగా ఆనించి చూడవలెను. క్రింది చక్రము వెనుక పలుచని వాషర్లుండును. చక్రములు మార్చినపుడు వరుస తప్పినచో వానిని పెంచియో తగ్గించియో సరిచేయవలెను. తొందరలో ఈ వాషర్లను పోగొట్టు షెడ్డులు కలవు. అట్టిచోట కొత్త గొలుసు కూడ కొలది కాలములోనే పాత పాట ఎత్తుకొనును.

మూతను మరల బిగించునపుడు బోల్టులను వదులుగా ఉంచి, పుల్లీని సీలులోనికి దూర్చి, మూత నడిమికి కుదురుకొనిన పిదప బిగింపవలెను. లేనిచో సీలు ఒకవైపు నొక్కుకొని ఆయిలు కారును. స్టార్టు చేయుటకు ముందు ప్లగ్గులు లేకుండగనే చేతితో కొన్ని చుట్లు త్రిప్పి, ఎక్కడను పట్టుట లేదని నిర్ధారించుకొనవలెను.

ఇక్కడ తరచుగా విడిచిపెట్టు పని యొకటి ఉన్నది. అరిగిన గొలుసువలన నిప్పురవ్వ వేళ వెనుకబడియున్నపుడు, ఎవరో ఒకరు డిస్ట్రిబ్యూటరును ముందుకు త్రిప్పి సర్దియుందురు. కొత్త గొలుసు వేయగానే ఆ సర్దుబాటు అధికమై, నిప్పురవ్వ మరీ ముందుగా పడి, ఎత్తు ఎక్కునపుడు ఇంజను టకటకమని కొట్టుకొనును. అది విని "గొలుసు వేసినను చప్పుడు పోలేదు" అని తగవుకు వచ్చువారు కలరు. గొలుసు మార్చిన దినముననే నిప్పురవ్వ వేళ కూడ సరిచూపించవలెను. బిల్లులో ఆ పని వ్రాసియున్నదా యని చూడుడు.

బిల్లు మాట వచ్చినది గనుక, సభ్యులు గమనింపవలసిన రెండు సంగతులు చెప్పెదను. పాత గొలుసు, పాత టెన్షనరు, పాత సీలు యజమానికి తిరిగి ఇచ్చితీరవలెనని ముందే మాట పుచ్చుకొనవలెను. విల్లువలె వంగిన గొలుసును చేత పట్టుకొని చూచినపుడు పని జరిగినదనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు. రెండవది అంతకంటె ముఖ్యము. కేంద్ర ప్రభుత్వపు నియమము ననుసరించి 2023 ఏప్రిల్ 1 మొదలుకొని ప్రభుత్వముల బండ్లతోపాటు పురపాలక సంఘముల, పంచాయతీల స్వంత బండ్ల రిజిస్ట్రేషను సైతము మొదటి రిజిస్ట్రేషను తేదీనుండి 15 సంవత్సరములు నిండగానే ముగియును. ముందుగా పునరుద్ధరించుకొన్నను చెల్లదు. కావున పంచాయతీ పేరిట పాత అంబాసిడర్ ఏదైన ఉన్నచో, గొలుసు మార్చు బిల్లును మంజూరు చేయుటకు ముందు రిజిస్ట్రేషను పత్రములోని తేదీని చూడవలెను. గడువు దాటిన బండికి ఇంజను పని చేయించుట ప్రజల సొమ్మును ఏట కలుపుటయే. వ్యక్తుల స్వంత కారులకు ఆ నిర్బంధము లేదు. అవి తనిఖీలో నెగ్గినచో 15 సంవత్సరముల తరువాత ఐదేసి సంవత్సరములకు రిజిస్ట్రేషను పొడిగించుకొనవచ్చును.

ఇంజను విప్పినపుడు దిగు పాత ఆయిలు సంగతి కూడ పంచాయతీదే. షెడ్డువారు దానిని మురుగు కాలువలో పారబోయుట, ఆ కాలువ చెరువులో కలియుట మనకు తెలియనిది కాదు. ఒక బండినుండి దిగు నాలుగు లీటర్ల నల్ల ఆయిలు నీటిపై తెట్టు కట్టి చాలదూరము వ్యాపించును. దానిని డబ్బాలో పట్టి, పాత ఆయిలును కొని శుద్ధిచేయు అనుమతిగల వర్తకునకే ఇచ్చునట్లు ఊరిలోని షెడ్డులకు పంచాయతీ తెలియజేయవలెను.

గొలుసు మార్చిన బండిని మొదటి 500 కిలోమీటర్లు నడిపిన పిమ్మట ఒకసారి షెడ్డునకు తెచ్చి, మూత అంచున ఆయిలు చెమ్మ కనిపించుచున్నదా, ఫ్యాను బెల్టు వదులైనదా, పుల్లీ నట్టు వాషరు మడత గట్టిగానున్నదా యని చూపించుకొనవలెను. తెల్లవారుజామున ఇంజను చల్లగానున్నపుడు మొదటి స్టార్టు వినుట మరువవద్దు. ఆ సమయమున గలగల వినరానిచో పని సరిగా జరిగినట్లు.